నాలుగో వరస

ఆరింటికి క్లాసు. ఐదున్నరకి లాకు దగ్గర సైకిలెక్కుతాను,
చేతులకి గ్రీజు వాసనతోనే.
నర్సాపురం బస్టాండు దాటాక
పాత గోనెసంచుల గోడౌను మీద
మూడేళ్ళ కిందట కమ్యూనిటీ కాలేజీ అని బోర్డు కట్టారు.
మెట్ల కిందే చెప్పులు విప్పాలి,
దుమ్ము పడితే కంప్యూటర్లకి జలుబు చేస్తుందని
అటెండరు పెద్దిరాజు నమ్మకం.

పద్దెనిమిది మిషన్లు. పదకొండు పనిచేస్తాయి.
ఉప్పుగాలికి వెనకాల స్క్రూలన్నీ తుప్పు.
నాకొచ్చిన కీబోర్డులో సున్నా గట్టిగా నొక్కితేగాని పడదు,
ఒకటి మాత్రం ముట్టుకుంటే చాలు, రెండుసార్లు పడుతుంది.

పక్క కుర్చీలో షకీనా. పంతొమ్మిదేళ్ళు.
పొద్దుటంతా షెడ్డులో రొయ్యల తలకాయలు తీసి
వేళ్ళకి నిమ్మచెక్క రుద్దుకుని వస్తుంది.
మొదటిరోజు నన్ను చూసి లేచి నిలబడింది,
కొత్త మాస్టారేమో అనుకుని.
నలభై మూడేళ్ళవాణ్ణి. లస్కర్ని.
మౌసు పట్టుకుంటే కోడిపిల్లని పట్టుకున్నట్టు
నలిగిపోద్దేమోనని భయం.

ఎందుకయ్యా నీకిదంతా అన్నారు మా ఆఫీసరు.
లాకులకి మోటార్లు పెడతారంట కదండీ,
ఎక్కడో గదిలో కూచుని ఒకడు బటన్ నొక్కుతాడంట,
ఆ ఒకణ్ణి నేనెందుకు కాకూడదండీ అన్నాను.
ఆయన నవ్వలేదు. దానికే కాస్త భయమేసింది.

నిన్న సుగుణకుమారి మేడమ్ బోర్డు మీద గేట్లు గీశారు.
గేటనగానే నా వీపు నిటారైంది.
ఇవి వేరే గేట్లులెండి అన్నారావిడ,
కరెంటొస్తే ఒకటి, రాకపోతే సున్నా,
లోపలికి రెండు దారులు, బయటికి ఒకటి.
నాలుగు వరసల పట్టిక గీసి
నాండ్ గేటు అన్నారు.
రెండూ ఒకటైతేనే సున్నా. తక్కిన మూడుసార్లూ ఒకటే.
అర్థమైందా ఎవరికైనా?

ఫ్యాను చప్పుడు.

లేచాను. ఎందుకు లేచానో తెలీదు.
మేడమ్, ఇది మా లాకేనండీ.
పైతలుపు, కిందితలుపు.
పైది తెరిస్తే కిందిది మూసుండాలి,
కిందిది తెరిస్తే పైది.
రెండూ మూసున్నా పర్లేదు.
రెండూ తెరిచామా,
నాలుగో వరసండి.

సుద్దముక్క నా చేతికిచ్చారు.

నాలుగో వరస మా నాన్న చూశాడు.
బియ్యం పడవ సరంగు తొందరపెడుతుంటే,
జ్వరంతో ఒళ్ళు కాలిపోతుంటే,
కింది రెక్కలు కలిశాయో లేదో చూడకుండా
పైషట్టర్లు ఎత్తేశాడు.
ఇరవై బస్తాలు తడిసి ఉబ్బాయి,
గట్టు తెగి గుబ్బలవారి నారుమడి కొట్టుకుపోయింది.
మనిషెవరూ పోలేదు.
పోయింది ఒక ఇంక్రిమెంటు.
ఆ మెమో కాయితం ట్రంకుపెట్టె అడుగున
నా టెన్త్ మార్కుల లిస్టు కింద ఇప్పటికీ ఉంది.
తలుపుల సంగతి రాశారు, నిర్లక్ష్యం సంగతి రాశారు,
జ్వరం మాట లేదు.

ఇదంతా బోర్డు మీద పెట్టలేదు.
ఒకటి, ఒకటి, సున్నా
అని రాసి, చేతులు దులుపుకుని వచ్చి కూచున్నాను.

ఇప్పుడు పడవలు రావు.
గుర్రపుడెక్క వస్తుంది, కొబ్బరి డొక్కలొస్తాయి,
ఒక్కోసారి వినాయకుడి చెయ్యి.
అయినా వారానికోసారి పళ్ళచక్రానికి గ్రీజు పెడతాను.

కరెంటు పోయింది.
యూపీఎస్సులన్నీ కీచురాళ్ళలా కాసేపు అరిచి
ఒక్కొక్కటే ఊరుకున్నాయి.
చీకట్లో షకీనా గొంతు:
అంకుల్, మరి మొదటి వరస?
రెండూ మూసేస్తే పడవ మధ్యలో ఉండిపోద్దిగా?

ఉండిపోద్దమ్మా.
ఇటు గోడ, అటు గోడ, ముందు తలుపు, వెనక తలుపు.
కొత్తవాళ్ళు కంగారుపడతారు.
అప్పుడు చిన్న తూమొకటి ఎత్తుతాం,
చెయ్యి దూరేంత.
ఏమీ కదిలినట్టుండదు.
గోడకున్న నాచు మాత్రం
రాయి తర్వాత రాయి మునుగుతా పోద్ది.

ఎంతసేపు?

బీడీ ఒకటిన్నర, అన్నాను.

చీకట్లోనే
పెన్ను మూత తీసిన చప్పుడు.